నాలుగు రోజులు, 61 ఫోన్లు

2025 శ్రావణంలో అమ్మకి మోకాలు ఆపరేషన్ అని వైజాగ్ తీసుకెళ్లాను. బరంపురంలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చున్నామో లేదో, బండి ఇంకా ఇచ్ఛాపురం కూడా దాటలేదు, షాపు నుంచి ఫోను. "భాయినా, అరకేజీ అప్పడాల ప్యాకెట్ హోల్‌సేల్‌కి ఎంతకియ్యాలి?" మా కుర్రాడే. ఆరేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు, ఆ ప్యాకెట్లు వాడి చేత్తో ఎన్ని వేలు కట్టుంటాడో లెక్కే లేదు, అయినా రేటు మాత్రం నన్నే అడగాలి. వాడి తప్పేం లేదు, అలా అలవాటు చేసింది నేనే.

ఆస్పత్రిలో మొదటిరోజు నర్సమ్మ రెండుసార్లు ఊరుకుంది, మూడోసారి "సార్, ఫోనైనా మాట్లాడండి, అమ్మగారి దగ్గరైనా ఉండండి" అంది. సిగ్గేసింది. బయట వరండాలో కుర్చీ ఉంటే అక్కడ కూర్చుని, ఏం తోచక మందుల చీటీ వెనకాల ఒక్కో ఫోనుకి ఒక్కో గీత పెట్టడం మొదలెట్టాను. అసలు ఎందుకు చేస్తున్నారు, ఏం అడుగుతున్నారు అని. నాలుగు రోజులకి 61 గీతలు తేలాయి. అందులో రేటు అడిగినవి 19, ఫలానా వాళ్లకి అరువు ఇవ్వొచ్చా అని 23, ఆ సామాను ఎక్కడ పెట్టారు అని 11, మిగతా 8 ఏవో ఒకటి. ఆ ఎనిమిదిలో నిజంగా నేనే చెప్పాల్సినవి రెండు. ఒకటి మినపప్పు లారీ వాడు దించనంటున్నాడని, రెండోది పక్కింటి వాళ్ల గోడ గొడవ, అది అసలు షాపు సంగతే కాదు.

మాది బరంపురంలో అప్పడాలు, వడియాలు, పచ్చళ్ల షాపు. ఈ ఊరి అప్పడాలకి, పచ్చళ్లకి పేరుందని ఇటు వైపు వాళ్లందరికీ తెలుసు. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, ఊరు ఒడిశాలో ఉన్నా 1936 ఏప్రిల్ దాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం కాబట్టి పెద్ద బజారులో నిలబడితే మీకు తెలుగు ఎంత వినపడుతుందో ఒడియా అంతే వినపడుతుంది. తాత పెట్టిన షాపు, నాన్న పెంచాడు, ఇప్పుడు నేను. ముందు షాపు, వెనక రేకుల షెడ్డులో పిండి కలపడం, అప్పడాలు ఒత్తేది మాత్రం చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు, కేజీకి ఇంత అని మజూరీ.

ఇంతకాలం నేను ఎవరు పలకరించినా ఒకటే మాట. "ఎక్కడ గురూ తీరికా, నేను లేకపోతే షాపు నడవదు." ఇది బాధపడి చెప్తున్నట్టు చెప్తాం గానీ, నిజం ఒప్పుకుందాం, ఆ మాటలో ఎంత గొప్ప ఉంటదో చెప్పేవాడికే తెలుసు. రాయగడలో మా బావకి హార్డ్‌వేర్ షాపు ఉంది. ఊళ్లోనే ఉన్న మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లి మూడేళ్లయింది బావా అని ఓసారి అంటుంటే చూశాను, మొహంలో దిగులు లేదు, మెడల్ తెచ్చుకున్నవాడిలా ఉన్నాడు. మా వీధి చివర బ్లౌజులు కుట్టే ఆయన అయితే కటింగ్ కత్తెర ఇంకొకళ్లని ముట్టుకోనివ్వడు, దసరా ముందు రాత్రి రెండింటి దాకా ఆయనొక్కడే కట్ చేస్తుంటాడు, ముగ్గురు కుర్రాళ్లు మిషన్ల ముందు ఖాళీగా ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు.

ఇక ఈ యూట్యూబ్ గురువులు. "మీరు బిజినెస్‌లో పని చెయ్యకండి, బిజినెస్ మీద పని చెయ్యండి." ఇంగ్లీషులో బాగానే ఉంటదేమో, తెలుగులో వింటే గోడ మీద కూర్చుని పని చెయ్యమన్నట్టుంటది. దానికి తోడు మేనేజర్‌ని పెట్టుకోండి అంటారు. నాకు నెలకి అన్నీ పోను 45, 50 వేలు మిగుల్తాయి, మంచి నెలైతే ఇంకాస్త. కౌంటర్లో నమ్మకంగా కూర్చునే మనిషికి 15 వేలు ఇవ్వాలి. అంటే మిగిలేదాంట్లో మూడో వంతు. పోనీ ఇచ్చాను అనుకోండి, వాడూ రేటు కోసం నాకే ఫోన్ చేస్తాడు. అప్పుడు 15 వేలు ఇచ్చి కొనుక్కున్నది ఏంటి, ఇంకో ఫోను. ఆ వరండాలో గీతలు చూశాక నాకు తట్టింది ఇదీ. మనం పనిలో ఇరుక్కుపోయాం అనుకుంటాం కానీ పని ఎవరైనా చేస్తారు, ప్యాకెట్ కట్టడం, తూకం వెయ్యడం, బిల్లు రాయడం అన్నీ మా కుర్రాడు నాకంటే స్పీడుగా చేస్తాడు. ఇరుక్కున్నది నిర్ణయాల్లో. ఎంతకివ్వాలి, ఎవరికివ్వాలి, కాదనొచ్చా, ఈ చిన్న చిన్నవన్నీ నా బుర్రలోనే పెట్టుకుని తాళం వేసుకుని తిరుగుతున్నా. మనిషిని పెట్టడం తర్వాత సంగతి, ముందు తాళం తియ్యాలి కదా.

అందులోనూ అరువు. 61లో 23 అదే కదా. చిన్న ఊళ్లలో షాపు ఓనరు కౌంటర్ వదల్లేకపోవడానికి అసలు కారణం గల్లాపెట్టె కాదు, అరువు పుస్తకం అని నా వాదన. గల్లాపెట్టె సంగతి 2016లో యూపీఐ వచ్చాక, తర్వాత ఆ మాట్లాడే డబ్బా వచ్చాక చాలావరకు తీరిపోయింది. డబ్బులు పడగానే అదే అరుస్తుంది, నేను ఉన్నా లేకపోయినా. (మా దాంట్లో తెలుగు పెట్టాను, కుర్రాడు ఒడియా పెట్టమన్నాడు, నెలకొక భాష అని రాజీపడ్డాం.) కానీ అరువు ఇచ్చేటప్పుడు మనిషి మొహం చూడాలి, వాళ్ల నాన్న ఎలాంటోడో తెలియాలి, పోయిన ఠాకూరాణీ యాత్రకి, అంటే మా ఊరి అమ్మవారి జాతరప్పుడు, తీసుకున్నది తీర్చాడా లేదా గుర్తుండాలి, వాళ్లింట్లో పెళ్లి ఉందా చావుందా తెలియాలి. ఇదంతా ఓనరు తలలోనే ఉంటది. అందుకే కదలలేడు.

నాన్న సంగతి చెప్తే అర్థమవుతుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను, సరిగ్గా దుర్గాష్టమి రోజు, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, అంటే మా నెత్తి మీదే. సాయంత్రానికే గాలి అరుపు మొదలైంది. మేమంతా ఇంట్లో తలుపులకి బల్లలు అడ్డం పెడుతుంటే నాన్న కనపడలేదు. గంట తర్వాత తడిసి ముద్దయి వచ్చాడు, చొక్కా లోపల పాలిథిన్ కవర్లో చుట్టిన రెండు ఖాతా పుస్తకాలు. షాపుకెళ్లి తెచ్చాడు. గల్లాలో 11 వేలు ఉంటే అది అక్కడే వదిలేశాడు! పుస్తకాలు తెచ్చి బియ్యం డబ్బాలో దింపి మూత పెట్టి, ఇక పడుకోండి అన్నాడు. రేకుల షెడ్డు పైకప్పు ఆ రాత్రి ఎగిరిపోయి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలీదు. కరెంటు లేక రోజులకి రోజులు చీకట్లోనే ఉన్నాం, కొవ్వొత్తి వెలుగులో ఆయన ఆ పుస్తకాలు ఆరబెట్టుకుంటున్న దృశ్యం నాకింకా కళ్లల్లో ఉంది.

ఆయన పోయి నాలుగేళ్లు. పుస్తకంలో రావాల్సింది 1,80,000 ఉంది. అదైనా రాశాడు. రాయనిది ఎంతో ఎవరికి తెలుసు, ఫలానా వాళ్లకి దీపావళి దాకా అడగనని మాటిచ్చాడంట, ఇంకొకాయన దగ్గర అప్పడాలకి బదులు నెయ్యి తీసుకునే లెక్కంట, ఇలా నెలకొకళ్లు వచ్చి చెప్తుంటే అవునా కాదా అనడానికి నా దగ్గర ఏముంది? సగం వదిలేసుకున్నాను. అంత చూసి కూడా నేను మళ్లీ అదే తలలో పెట్టుకునే పద్ధతిలోకే వెళ్లానంటే చూడండి.

వైజాగ్ నుంచి వచ్చాక చేసిన మొదటి పని, పుస్తకంలో ప్రతి ఖాతా పేరు పక్కన రంగు చుక్క అంటించడం. ఆకుపచ్చ అయితే అయిదు వేల దాకా అడగకుండా ఇచ్చెయ్. పసుపు అయితే పాతది తీరిస్తేనే కొత్తది. ఎరుపు అయితే చెయ్యి జోడించి నగదు అడుగు. ఇంకోటి, 500 రూపాయల లోపు ఏ నష్టమైనా, చినిగిన ప్యాకెట్ మార్చడం, పదో పాతికో తగ్గించడం, నాకు చెప్పక్కర్లేదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటది గానీ ఆ చుక్కలు పెట్టడానికి నాకు పదకొండు రాత్రులు పట్టింది. ఎందుకంటే ఒక్కో పేరు దగ్గర ఆగి నేను వీడికి ఎందుకు ఇస్తున్నాను అని నన్ను నేను అడుక్కోవాల్సి వచ్చింది, చాలా పేర్లకి నా దగ్గర జవాబే లేదు, మొహమాటం తప్ప. మా సొంత చిన్నాన్నకి ఎరుపు పడింది. ఆ పుస్తకం ఆయన కంట పడకుండా చూసుకోవడం ఇప్పుడు నాకు కొత్త డ్యూటీ.

రాసిపెట్టండి, అన్నీ కాగితం మీద పెట్టండి అని ఉచిత సలహా ఇచ్చేవాళ్లకి మా సరిహద్దు తంటా తెలీదు. ఏ భాషలో రాయాలి? మా కుర్రాడు తెలుగు నీళ్లు తాగినట్టు మాట్లాడతాడు, అక్షరం ముక్క రాదు, వాడు చదువుకున్నది ఒడియాలో. నేను ఒడియాలో బేరం ఆడతాను, తిట్టగలను, పాటలు పాడగలను, రాయమంటే బస్సు బోర్డులు కూడబలుక్కోవడం దాకానే. ఇక్కడ సగంమందిది ఇదే కథ, నోటికి రెండు భాషలు, కంటికి ఒకటే. నాన్న పుస్తకాలన్నీ తెలుగులో ఉన్నాయి కాబట్టే అవి మా ఇంటి వాళ్లకి తప్ప ఇంకెవరికీ పనికిరాలేదని కూడా అప్పుడే తట్టింది. చివరికి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కూర్చుని రేట్ల పట్టీ, ఏ అరలో ఏముందో ఆ పట్టీ ఒడియాలో రాసింది, నేను చెప్తుంటే. రాతలో తప్పులు కుర్రాడు దిద్దాడు, అప్పుడు చూడాలి వాడి మొహం.

ఇప్పుడు అసలు నష్టం దగ్గరికి వస్తాను. రోజంతా కౌంటర్లో ఇరుక్కుంటే ఒళ్లు అలిసిపోతుంది, పండక్కి వెళ్లలేం, పిల్లల ఫంక్షన్ చూడలేం, ఇవన్నీ అందరూ చెప్పేవే. నాకు తగిలిన దెబ్బ వేరు. ఇచ్ఛాపురం మాకు పాతిక కిలోమీటర్లు. గిరిసోల దాటితే ఆంధ్రా. అక్కడ, సోంపేటలో, చుట్టాల షాపులు ఉన్నాయి, మీ పచ్చళ్లు వేస్తాం పంపరా అని మూడేళ్లుగా అడుగుతున్నారు. నేను "చూద్దాం మావయ్యా" అంటూ మూడేళ్లు గడిపేశాను. ఎందుకంటే నాది జీఎస్టీలో కాంపోజిషన్ స్కీము, ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకి ఇచ్చే సులువు పద్ధతి, మూడు నెలలకోసారి ఒక శాతం కట్టేసి దులుపుకోవచ్చు. కానీ అందులో ఉన్నవాడు రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు. పాతిక కిలోమీటర్ల దూరమైనా సరే, అది వేరే రాష్ట్రం. కటక్ పంపొచ్చు, ఇచ్ఛాపురం పంపకూడదు! ఆ సంగతి లీలగా తెలుసు, దాన్ని మార్చుకోవాలంటే ఏం చెయ్యాలో కనుక్కునే తీరిక మాత్రం లేదు.

అంతకంటే పెద్దది ఇంకోటుంది, చెప్పుకుంటే నవ్వుతారు. అప్పడాలకి అసలు జీఎస్టీ లేదు. 2017 జులై నుంచీ సున్నానే. కానీ కాంపోజిషన్‌లో తయారీదారుడైతే ఒక శాతం లెక్కగట్టేది మొత్తం టర్నోవర్ మీద, పన్ను లేని సరుకుతో కలిపి. కొని అమ్మేవాడికి అలా కాదు, పన్ను ఉన్న సరుకు మీదే. అంటే ఏడాదికి సుమారు 30 లక్షల అప్పడాల మీద, పన్నే లేని వస్తువు మీద, నేను ఏటా 30 వేలు నా జేబులోంచి కడుతూ వచ్చాను. మా అకౌంటెంట్ గారు ఇది ఒకసారి చెప్పారంట. నాకు గుర్తుంది కూడా, నేను తూకం వేస్తున్నా, ఎదురుగా నలుగురు నిలబడి ఉన్నారు, "ఆ ఆ, తర్వాత కూర్చుందాం అండీ" అన్నాను. ఆ "తర్వాత" రావడానికి ఏళ్లు పట్టింది. 23 మందికి అరువు ఇవ్వాలా వద్దా అన్నది నేనే తేల్చాలి అని కూర్చున్నవాడికి ఈ ఒక్క గంట మాట దొరకలేదు.

చుక్కలు పెట్టిన రెండు వారాలకి, ఒక బుధవారం మధ్యాహ్నం, కౌంటర్ వదిలేసి అకౌంటెంట్ గారి దగ్గరికెళ్లి కూర్చున్నా. గంట కూడా పట్టలేదు. కాంపోజిషన్‌లోంచి బయటికొచ్చి మామూలు రిజిస్ట్రేషన్‌లోకి మారాను. పచ్చళ్ల మీద అప్పటికి 12 శాతం, కాస్త భయపడ్డాను రేటు పెరిగిపోతుందని, అదృష్టం ఏంటంటే సెప్టెంబర్ 22 నుంచి అది 5కి దిగింది. ఇప్పుడు గిరిసోల అవతల నాలుగు షాపులకి వెళ్తోంది సరుకు. బ్రహ్మాండం బద్దలైపోలేదు, నెలకి ఓ తొమ్మిది పది వేలు అదనం, రిటర్నులు వేయించే ఫీజు పెరిగింది అది వేరు.

ఇదంతా సక్సెస్ స్టోరీ అనుకోకండి. పసుపు చుక్క మీద మా కుర్రాడు మొహమాటపడి సరుకు ఇచ్చిన ఒకాయన 6,400 ఎగ్గొట్టి సూరత్ వెళ్లిపోయాడు. మా గంజాం జిల్లా వాళ్లు పనికోసం సూరత్ పోవడం మామూలే, వెనక్కొచ్చాక ఇస్తాడేమో చూడాలి. నేను కుర్రాడిని ఏమీ అనలేదు, అనాలని నాలిక దురద పెట్టినా. నేనే కౌంటర్లో ఉన్నా అతనికి ఇచ్చేవాడినే, పైగా టీ కూడా పోయించేవాడిని.

ఇంకా మంచిగా లేని విషయం ఒకటి. నా ఫోన్లు తగ్గాయి, రోజుకి రెండు మూడు. కానీ ఓ రాత్రి పదిన్నరకి చూస్తే మా ఆవిడ వంటింట్లో కింద కూర్చుని పచ్చడి సీసాలకి లేబుళ్లు అంటిస్తోంది. ఇది ఎప్పట్నుంచి అంటే, మీరు సాయంత్రాలు బయటికెళ్లడం మొదలెట్టినప్పట్నుంచి అంది. అంటే నేను తేలికపడ్డ బరువు గాల్లో కలిసిపోలేదు, పక్క గదిలోకి వెళ్లింది. మన షాపులన్నిటికీ బోర్డు మీద పేరు ఒకరిది, లోపల కట్టుబడి ఉండేది ఇంకొకరు కూడా, వాళ్లని ఎవరూ ఓనరు అనరు, వాళ్లకి ఏ గురువూ వీడియో చెయ్యడు. ఆ లేబుళ్లకి మనిషిని పెట్టాం, సీసాకి అర్ధరూపాయి. దానికి నేను అంత ఆలోచించకుండా ఒప్పేసుకున్నానంటే కారణం సిగ్గే.

ఇక పిండి సంగతి. రేట్లు, అరువు అయితే కాగితం మీద పెట్టొచ్చు, చేతి రుచిని ఎలా పెడతావు అని అందరూ అడిగేదే. నేనూ ఒకప్పుడు అదే అనేవాడిని. లిజ్జత్ అప్పడాల వాళ్లు చేశారు కదా. 1959 మార్చిలో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలెట్టారు, ఇవాళ్టికీ పిండి ఒకచోట కలుపుతారు, ఇంటికి తీసుకెళ్లి ఒత్తి తెచ్చి తూకం వేసి ఇస్తారు. ఒత్తేది ఎన్ని చేతులైనా కావచ్చు, పిండి మాత్రం ఒకటే. మా షెడ్డులోనూ చూస్తే అంతే, పిండి దంచి, నూనె రాసి, తాడులా సాగదీసి, దారంతో టక్ టక్ మని ఒకే సైజు ఉండలు కోసేస్తే అక్కడితో అప్పడం సగం అయిపోయినట్టే. తేడా ఏంటంటే మా పిండి అమ్మ చేతిలో ఉంది. కొలత అడిగితే "సేతికి తెలుస్తాది రా" అంటుంది.

ఆపరేషన్‌కి ముందే, కాలు నొప్పితో ఇక కూర్చోలేనంటున్న రోజుల్లో, పిండి పళ్లెం కింద తక్కెడ పెట్టి వారం రోజులు రాసుకున్నాను. ప్రతి గుప్పెడూ తూచాను. కేజీ మినప్పిండికి ఉప్పు 66 నుంచి 70 గ్రాములు, ఎప్పుడూ ఆ మధ్యలోనే. క్షారం దాదాపు కదలనే లేదు. నీళ్లు మాత్రం ఒకరోజు 450, ఒకరోజు 415. ముసురు పట్టి గాలి చెమ్మగా ఉన్న రోజు తక్కువ, ఎండ కాసిన రోజు ఎక్కువ. అంటే చేతికి తెలుస్తాది అన్నది నిజమే, చేతికి తెలిసేది ఏంటో కూడా కనపడింది. అదంతా ముసురుకి ఒక గడి, ఎండకి ఒక గడి గీసి, అమ్మాయి చేత ఒడియాలో రాయించి షెడ్డు గోడకి అంటించాను. మూడు నెలలు కుర్రాడే కలిపాడు, జనం ఏమీ అనలేదు, నాకు మాత్రం ఏదో తగ్గినట్టే ఉండేది, నా భ్రమేమో అనుకున్నా.

దీపావళి తర్వాత అమ్మ కర్ర పట్టుకుని మెల్లగా షెడ్డులోకి వచ్చింది. గోడ మీద కాగితం చూసి అదేటని అడిగింది. అమ్మకి ఒడియా చదవడం రాదు, కుర్రాడిని పిలిచి చదవమంది. వాడు ఒడియా చూస్తూ తెలుగులో చెప్తుంటే కళ్లు మూసుకుని విన్నది, మినప్పిండి, ఉప్పు, క్షారం, ఇంగువ, మిరియాలు, నూనె, నీళ్లు, ముసురైతే ఇంత, ఎండైతే ఇంత. అంతా అయ్యాక "మరి జీలకర్రేటిరా, జీలకర్ర రాయనేదేటి?" అంది. నువ్వు వెయ్యగా నేను చూళ్లేదమ్మా అన్నాను.

"నువ్వు ఎంతసేపూ తక్కెడ కేసి సూత్తన్నావు కదా, ఆ సేత్తో ఏసినాను" అని, కుర్రాడిని పెన్ను తెమ్మంది.